నల్లబడ్డ గింజలు

"వేడి చాల్లేదండీ, అంతే. ఇంకాస్త పెంచితే నిలబడతాయి," అన్నాడు సన్నిబాబు.

లతీఫ్ సాయిబు గారు స్టీలు పళ్ళెంలో పోసిన గింజల్ని వేలితో అటూ ఇటూ జరుపుతున్నారు. నిన్న పొద్దున్న గొట్టంలోకి పోసినప్పుడు అవి మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఇప్పుడు మిరియాల్లా ఉన్నాయి.

"వేడి అంటావా?" అన్నారు చివరికి.

"మరి ఇంకేటండీ? నిన్న పొద్దున్న మీరు చూసుంటే తెలిసేది. ఒక్క చుక్క పులుపు మిగల్లేదు. వెళ్ళిందంతా మారిపోయింది. అలాంటి గింజలు ఒక్క పూటకే చచ్చిపోతాయేటండీ, ఏదో తేడా జరిగితే తప్ప?"

"పొద్దున్న నేను చూడను కదా నాయనా."

"అవునండీ. మీరు చూడరు," అన్నాడు సన్నిబాబు. ఆ మాటలో కొంచెం నిష్ఠూరం ఉంది. అది సాయిబు గారికి వినపడింది కూడాను. కానీ ఆయన పళ్ళెం మీంచి తలెత్తలేదు.

అది అనకాపల్లికి అవతల, శారదా ఏటి పక్కన ఒక రేకుల షెడ్డు. అంతకు ముందు అందులో బెల్లం దిమ్మలు నిలవ పెట్టేవారు. గోడలకి ఆ తీపి వాసన ఇంకా పోలేదు. చెరుకు రైతుల సొసైటీ వాళ్ళు ఆ షెడ్డుని సాయిబు గారికి ఇచ్చేరు. బెల్లం ఒక్కటే నమ్ముకుంటే గిట్టడం లేదు, చెరుకులోంచి ఇంకేదైనా తియ్యగలరా అని వాళ్ళు అడిగితే, తియ్యొచ్చు అన్నారాయన. విశాఖపట్నంలో పెద్ద కంపెనీలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో ఊరికే కూచోలేక వచ్చేరు.

ఆయన చేసేది ఇదీ. చెరుకు రసాన్ని పులియబెడతారు. పెరుగులో ఉంటుందే, ఆ పులుపే పుడుతుంది అందులో. లాక్టిక్ ఆమ్లం అని పుస్తకాల్లో ఉంటుంది గానీ షెడ్డులో అందరూ పులుపనే అంటారు. ఆ పులుపు నీళ్ళని ఆవిరి చేసి, బాగా కాగిన ఒక స్టీలు గొట్టంలోంచి పంపిస్తారు. గొట్టం నిండా గింజలుంటాయి. పులుపు ఆవిరి ఆ గింజలకి తగులుకుంటూ పోయి, అవతల దిగేసరికి వేరే సరుకైపోతుంది. దాని వాసన ముక్కు పగలగొడుతుంది. రంగుల్లోకి, జిగురుల్లోకి, చంటిపిల్లలకి కట్టే డైపర్లలోకి ఆ సరుకే కావాలి. ఊళ్ళోవాళ్ళకి తెలిసినంత మటుకు దాన్ని భూమిలోంచి తోడిన నూనెలోంచే చేస్తారు. చెరుకులోంచి కూడా వస్తే రైతుకి ఇంకో దారి దొరికినట్టే.

ఇందులో గింజలదే పనంతా. కేటలిస్టు అంటారు వాటిని. అవి కరిగిపోవు, సరుకులో కలిసిపోవు. ఉన్నచోటే ఉంటాయి, వచ్చినదాన్ని మార్చి పంపిస్తాయి.

షెడ్డులో ఒక పద్ధతుంది. గొట్టంలో కొత్త గింజలు పోసిన రోజున మొదట దిగే సరుకుని ఎవరూ కొలవరు. వెనకాల ఒక నీలం డ్రమ్ముంది, అందులో పోసేస్తారు. పొద్దు వాలేక సాయిబు గారు వచ్చి, అప్పుడు పడుతున్న చుక్క కింద సీసా పెడతారు. గింజలు మంచివో కావో ఆ సీసాని బట్టే చెప్తారు. ఎందుకలాగ అని ఎవరూ అడగలేదు. పెద్దాయన, ఏదో అలవాటు అనుకున్నారు.

సన్నిబాబు కూడా అలాగే అనుకున్నాడు.

అతను కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి ఈ షెడ్డుకి వచ్చేడు. సాయిబు గారు అతనికి గింజలు చెయ్యడం నేర్పేరు. మట్టి పిసకడం, ఒత్తడం, నీడన ఆరబెట్టడం, కొలిమిలో కాల్చడం. జంతికలు ఒత్తినట్టే ఉంటుంది పని. కానీ పిండి ఒక పాలు అటూ ఇటూ అయినా గింజ పనికిరాదు. సన్నిబాబుకి చేతివాటం ఉంది. ఏడాది తిరక్కుండానే సాయిబు గారి గింజకీ అతని గింజకీ తేడా తెలియకుండా చేసేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయిబు గారి గింజలు కొంత పులుపుని పులుపుగానే వదిలేస్తాయి. ఆ మిగిలినదాన్ని పట్టి మళ్ళీ మొదటినుంచి పంపించాలి. అది సన్నిబాబుకి నచ్చేది కాదు. ఈ గింజలకి బద్ధకం అనేవాడు. తనే సొంతంగా గింజలు తయారు చేసేడు. వాటిని గట్టి యాసిడ్‌లో నానబెట్టి, కాల్చి, మళ్ళీ నానబెట్టి, పదును తెచ్చేడు. ఎంత పదునంటే, పులుపు కనపడితే చాలు పట్టుకుంటాయి.

వాటిని గొట్టంలో పోసిన పొద్దున్న, సాయిబు గారు ఇంకా రాలేదు. మొదటి సరుకుని డ్రమ్ములో పొయ్యడానికి ముత్యాలు సీసా తీసుకెళ్తోంది. ముత్యాలంటే షెడ్డులో సరుకుని పరీక్ష చేసే మనిషి. కోపమొచ్చినా నవ్వుతూనే తిడుతుంది.

"అక్కా, ఆగు. కొలిచి చూడు," అన్నాడు సన్నిబాబు.

"పెద్దాయన కొలవొద్దంటారు కదా."

"నేను కొలవమంటన్నాను కదా."

"నీకు మీసం వచ్చింది బాబూ, చూస్తన్నాను," అని ముత్యాలు కొలిచింది. కొలిచి మళ్ళీ కొలిచింది. పులుపు జాడే లేదు.

సన్నిబాబు ఆగలేకపోయేడు. అక్కడికక్కడే సొసైటీ ప్రెసిడెంటు జగ్గునాయుడు గారికి ఫోను చేసేడు. "ఒక్క చుక్క వదలవండీ నా గింజలు," అన్నాడు.

జగ్గునాయుడు గారు అప్పటికే నలిగిపోతున్నారు. బెల్లం సీజను వచ్చేస్తోంది, షెడ్డు మాకు తిరిగి ఇప్పించండి, ఆ గొట్టంతో ఒరిగిందేమీ లేదు అని సభ్యులు ఆయన్ని రోజూ పీక్కు తింటున్నారు. ఈ మాట వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"అలాగైతే ఆదివారం నాడు అందర్నీ తీసుకొస్తాను. ఆళ్ళ కళ్ళ ముందు నడిపించు. నడిచిందా, గొట్టం ఉంటాది. నడవలేదా, దిమ్మలు దింపీడమే. ఇంక నేను ఆపలేను బాబూ. ఆపితే నన్ను దింపీస్తారు."

"మీరు రండి చాలు," అన్నాడు సన్నిబాబు.

ఆ సాయంత్రానికే గింజలు నల్లబడ్డాయి. గొట్టం అవతల చుక్క పడడం ఆగిపోయింది.

వేడి పెంచి చూస్తానంటే సాయిబు గారు వద్దనలేదు. "చూడు," అన్నారు. నల్లదంతా బొగ్గే కాబట్టి, సన్నిబాబు గొట్టంలోకి వేడిగాలి ఊది ఆ బొగ్గుని కాల్చేసేడు. గింజలు మళ్ళీ తెల్లగా అయ్యేయి. వేడి పెంచి పులుపు పంపించేడు. ఈసారి సాయంత్రం దాకా కూడా ఆగలేదు, మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికే నల్లబడిపోయేయి.

తర్వాత పులుపు మీద పడ్డాడు.

"అక్కా, రసం వడకట్టేవా?"

"వడకట్టేను."

"సరిగ్గా వడకట్టేవా?"

"మా అత్త కూడా ఇన్నిసార్లు అడగలేదయ్యా నన్ను. కావలిస్తే తాగి చూడు. అదే పులుపు పాత గింజల మీంచి ఇన్నాళ్ళూ పోలేదేటి?"

అయినా సన్నిబాబు రసాన్ని తనే మళ్ళీ వడకట్టి, మళ్ళీ ఆవిరి చేసి పంపించేడు. మళ్ళీ నలుపే. గింజల మీద బొగ్గు ఎక్కడం కాదు, గింజే బొగ్గయినట్టుంది.

గురువారం పొద్దున్న అతనికి ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పాత గింజలు పోసి ఆదివారం గట్టెక్కొచ్చు. కానీ ప్రెసిడెంటుకి చెప్పింది తన గింజల గురించి. నిజం చెప్పాలంటే, గొట్టం పోతుందన్న భయంకంటే ఆ మాట పోతుందన్న భయమే ఎక్కువుంది అతనికి. అది తెలిసి ఇంకా సిగ్గేసింది.

సాయిబు గారు వరండాలో కుర్చీ వేసుకుని కూచున్నారు. రోజూ పొద్దున్నే అక్కడే కూచుంటారు. పంపు గది తాళం చెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. వచ్చేవాళ్ళు వచ్చి, కావలసింది తీసుకుని, చూపించాల్సింది చూపించి పోతుంటారు.

సన్నిబాబు వెళ్ళి ఆయన ముందు స్టూలు మీద కూచున్నాడు. నల్ల గింజల పళ్ళెం పక్కనే అరుగు మీద పెట్టేడు.

"నేను ఓడిపోయేనండీ. నా గింజల్లో ఏం తక్కువైందో నాకు తెలీడం లేదు. మీరే చెప్పండి."

"తక్కువేమీ లేదు," అన్నారు సాయిబు గారు.

"మరి ఎందుకు చచ్చిపోతున్నాయండీ?"

సాయిబు గారు అతని మొహంలోకి చూసేరు. తర్వాత తన రెండు చేతులూ ముందుకి చాపేరు.

"చేతులు ఇయ్యి."

సన్నిబాబు ఇచ్చేడు. ఏదో ఆశీర్వాదం అనుకున్నాడు. సాయిబు గారు అతని రెండు చేతుల్ని తన రెండు చేతుల్తో పట్టుకున్నారు. ముసలిచేతులే గానీ గట్టివి. పట్టుకుని, అలాగే కూచున్నారు.

సన్నిబాబు ఆయన మొహం వైపు చూసేడు. ఇప్పుడేదో చెప్తారు, ఇప్పుడేదో చెప్తారు అని ఎదురు చూసేడు. ఆయన చెప్పలేదు.

ముత్యాలు టీ గ్లాసు పట్టుకొచ్చింది. "తీసుకోండి సాయిబు గారూ."

"చెయ్యి ఖాళీ లేదమ్మా," అన్నారాయన.

ముత్యాలు ఇద్దర్నీ చూసింది. గ్లాసు అరుగు మీద పెట్టింది. "ఏటి జరుగుతోంది ఇక్కడ? జీలకర్రా బెల్లం తెచ్చీమంటారా? బెల్లానికి మనకి లోటు లేదు."

సన్నిబాబు చెవులు ఎర్రబడ్డాయి. చేతులు కొంచెం వెనక్కి లాగేడు. రాలేదు.

పంపు ఆడించే కన్నంనాయుడు వచ్చేడు. "తాళం ఇప్పించండి. ట్యాంకీలో నీళ్ళు అడుగంటేయి. గొట్టం చల్లార్చడానికి కూడా లేవు."

"చెయ్యి ఖాళీ లేదు నాయుడూ."

"జేబులోనే ఉంది కదండీ, నన్ను తీసుకోమంటారా?"

"నా జేబులో నువ్వు చెయ్యి పెడతావా?"

కన్నంనాయుడు నాలిక కరుచుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముత్యాలు లోపలికి వెళ్ళి పులుపు సీసా తెచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి చూసి ఆయన ఊఁ అంటే గానీ కొత్త తొట్టి తెరవరు. ఆవిడా నిలబడింది. గ్యాసు సిలిండర్ల బండి వచ్చి ఆగింది. బండివాడు కాగితం మీద సంతకం పెట్టమని పెన్ను చాపేడు.

"చెయ్యి ఖాళీ లేదు బాబూ."

"సంతకం లేకపోతే దించనండి. నాకింకా నాలుగూళ్ళు తిరగాలి."

"అయితే నిలబడు."

బండివాడు నిలబడ్డాడు. అతని వెనకాల రసం తెచ్చిన ట్రాక్టరు వచ్చి ఆగింది. బండి అడ్డం ఉండడంతో ట్రాక్టరు లోపలికి రాలేదు. దాని మీదున్న రైతు హారను కొట్టి, ఎవరూ పలక్కపోయేసరికి దిగి, తనూ వచ్చి వరండా కింద నిలబడ్డాడు.

"ఏటైందండీ, ఎవరైనా పోయేరా?" అన్నాడు నెమ్మదిగా ముత్యాలుతో.

"లేదు. చేతులు పట్టుకున్నారు," అంది ముత్యాలు.

"ఎందుకు?"

"అదే చూస్తన్నాం."

టీ మీద మీగడ కట్టింది. లోపల పొయ్యి మండుతోంది గానీ దానిమీదికి ఎక్కించడానికి పులుపు లేదు. నీళ్ళ పంపు లేదు. షెడ్డులో ఎప్పుడూ ఉండే చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చింది. అంత నిశ్శబ్దంగా ఆ షెడ్డుని సన్నిబాబు ఎప్పుడూ వినలేదు.

"మీకు కోపం వచ్చిందాండీ?" అన్నాడు.

"లేదే."

"మొదటి సరుకు కొలిచేనని..."

"కోపం లేదు నాయనా."

నిజంగానే లేదు. ఆయన కళ్ళలో ప్రేమే ఉంది. అదే సన్నిబాబుకి మరీ ఇబ్బందిగా ఉంది. చేతులు చెమట పట్టేయి. మళ్ళీ లాగేడు. ఆయన పట్టు ఇంకా బిగించేరు.

"వాళ్ళందరూ నిలబడిపోయేరండీ," అన్నాడు.

"ఆఁ."

"నన్ను వదిలితే వాళ్ళని చూడొచ్చు కదండీ మీరు."

"నువ్వంటే నాకు అంత ఇష్టం. ఎలా వదిలేది?" అన్నారు సాయిబు గారు.

సన్నిబాబు వరండా కింద నిలబడ్డవాళ్ళని చూసేడు. గోడకి ఆనుకున్న కన్నంనాయుణ్ణి, పెన్ను చాపుకుని ఉన్న బండివాణ్ణి, సీసా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్న ముత్యాల్ని. వాళ్ళలో ఎవరికీ ఏ లోటూ లేదు. వచ్చేరు, అంతే. రావాల్సిన చోటికే వచ్చేరు. ఇక్కడే చోటు లేదు.

అరుగు మీది పళ్ళెం వైపు చూసేడు. చాలాసేపు చూసేడు.

"వదిలీండి," అన్నాడు మెల్లగా. ఈసారి లాగలేదు.

సాయిబు గారు వదిలేసేరు.

తర్వాత ఆయన చల్లారిన టీ మీగడతో సహా తాగేరు. తాళం ఇచ్చేరు. సంతకం పెట్టేరు. సీసా వెలుతురులో పెట్టి చూసి ఊఁ అన్నారు. ఒకళ్ళు వచ్చేరు, పని చూసుకుని వెళ్ళేరు. ఆ చోట్లోకి ఇంకొకళ్ళు వచ్చేరు. బండి కదిలింది, ట్రాక్టరు లోపలికి వచ్చింది. కాసేపట్లో వరండా కింద ఎవరూ లేరు. లోపల పంపు చప్పుడు మొదలైంది.

సన్నిబాబు స్టూలు మీంచి లేచి లోపలికి వెళ్ళేడు.

"అక్కా, చాకలి సోడా ఉందా?"

"ఉంది. బట్టలుతుకుతావేటి?"

"గింజలు ఉతుకుతాను."

పదును పెట్టింది యాసిడ్. సోడా దాన్ని విరిచేస్తుంది. అది బళ్ళో చదువుకున్న పిల్లాడికి కూడా తెలుసు. సన్నిబాబుకి తెలియనిది అది కాదు. పట్టుకున్నదాన్ని గింజ వదలకపోతే అది అక్కడే మాడి బొగ్గవుతుందని, తర్వాత వచ్చేదానికి చోటుండదని తెలీలేదు. ఒక తొట్టిలో సోడా కరిగించి, అందులో ఇంకా గొట్టంలోకి ఎక్కని తన గింజల్ని పోసేడు. బుసబుసమని పొంగేయి. ఎన్ని వారాలు కూచుని వాటికా పదును తెచ్చేడో. తొట్టి పక్కనే గొంతుక్కూచుని ఆ పొంగుని చూస్తూ ఉండిపోయేడు.

"నీ పులికి నువ్వే పళ్ళు పీకుతున్నావు," అంది ముత్యాలు. కానీ ఎగతాళిగా అనలేదు. పక్కన కూచుని, తనూ ఒక కర్రతో కలిపింది.

మొదటి విడతలో సోడా మరీ ఎక్కువైంది. గొట్టంలో పోసి చూస్తే, ఎలా వెళ్ళిన పులుపు అలాగే బయటికి వచ్చింది. గింజలు తెల్లగా ఉన్నాయి, ఎప్పటికీ తెల్లగానే ఉంటాయి, ఎందుకంటే అవి దేన్నీ ముట్టుకోవడం లేదు.

"సన్నాసుల్లో కలిసిపోయేయి," అంది ముత్యాలు.

సన్నిబాబుకి నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటిసారి. "సోడా తగ్గిద్దాం అక్కా."

తగ్గించి ఇంకో విడత చేసేడు. ఇంకా తగ్గించి ఇంకొకటి. వాటిని ఆరబెట్టి, కాల్చి తీసేసరికి శనివారం పొద్దు వాలింది. గొట్టంలో పోసి చూసే వ్యవధి లేదు. సాయిబు గారి దగ్గరికి వెళ్ళి, రెండు విడతల గింజల్నీ రెండు గుప్పిళ్ళలో చూపించేడు.

"ఏది పొయ్యమంటారు?"

"అవి నీవి," అన్నారాయన.

సన్నిబాబు ఒక గుప్పిట ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేడు. ఒక గింజ నాలిక మీద పెట్టుకున్నాడు. గింజ అంటుకుంది గానీ, కాసేపటికి ఊడి వచ్చింది. రెండో గుప్పిట్లోంచి ఒకటి పెట్టుకున్నాడు. దాన్ని వేలితో పీకవలసొచ్చింది. మొదటి గుప్పిట్లోవి ఉంచి, రెండోవి పక్కన పెట్టేడు. అది సరైన పరీక్షో కాదో అతనికి తెలీదు. అప్పటికి అతని దగ్గర ఉన్న పరీక్ష అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే జగ్గునాయుడు గారు వచ్చేరు. ఆయన వెనకాల మోటారు సైకిళ్ళ మీద, ఆటోల్లో సభ్యులు. దిమ్మలు ఎక్కడెక్కడ పేర్చొచ్చో వాళ్ళలో ఒకాయన అప్పుడే కళ్ళతో కొలుచుకుంటున్నాడు.

గొట్టం వేడెక్కింది. పులుపు ఆవిరి వెళ్ళింది. చుక్కలు పడడం మొదలైంది. సభ్యులు ముక్కులకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని ముందుకి వంగేరు.

సన్నిబాబు ఆ సీసా తీసుకెళ్ళి నీలం డ్రమ్ములో పోసేసేడు.

"అదేటోయ్?" అన్నారు జగ్గునాయుడు గారు. "అందరం అది చూడ్డానికే కదా వచ్చేం. కొలవవేటి?"

"ఇప్పుడు కొలిస్తే ఏమీ తెలీదండీ. ఖాళీ గింజ ఎలాగూ పట్టుకుంటుంది. భోజనాలు చేసి రండి. పొద్దు వాలేక చూద్దాం."

"ఫోన్లో పొద్దున్నే కొలిచేనని చెప్పేవు నువ్వే."

"అవునండీ. అదే పొరపాటు."

సభ్యులు గొణుక్కున్నారు. రోజంతా ఇక్కడే ఉండాలా అన్నాడొకడు. దాచేస్తున్నాడు, ఏదో ఉంది అన్నాడు ఇంకొకడు. కొందరు వెళ్ళిపోయేరు. మిగిలినవాళ్ళు వరండాలో పేకాట వేసుకున్నారు. సాయిబు గారు వాళ్ళ మధ్యే కూచుని, ఎవరి ఆట ఎలా ఉందో చూస్తూ, ఎవరికీ చెప్పకుండా కాలక్షేపం చేసేరు. లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. సన్నిబాబు మాత్రం గొట్టం దగ్గరనుంచి కదల్లేదు. చుక్క పడిన ప్రతిసారీ, తర్వాతి చుక్క పడుతుందా అని చూసేడు. పడింది. పడుతూనే ఉంది.

మధ్యాహ్నం ముత్యాలు కొలిచింది. పొద్దు వాలేక సాయిబు గారు లేచి వచ్చి, తనే చుక్క కింద సీసా పెట్టేరు. ముత్యాలు మళ్ళీ కొలిచింది.

"మధ్యాహ్నం ఎంతో ఇప్పుడూ అంతే," అంది. "కాకపోతే కొంత పులుపు అలాగే దిగింది. ఆ మిగిలిందాన్ని మళ్ళీ పంపించాలి."

దిమ్మల చోటు కళ్ళతో కొలుచుకున్న ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "చూసేరా ప్రెసిడెంటు గారూ? ఒక్క చుక్క వదలదు అన్నాడంట మీతో."

అందరూ సన్నిబాబు వైపు చూసేరు.

"అవి వదల్లేదండీ," అన్నాడు సన్నిబాబు. "ఇవి వదుల్తాయి."

కింద కిటికీ లాంటి చిన్న మూత ఒకటి ఉంది గొట్టానికి. పులుపు ఆపించి, గొట్టం చల్లారేక, దాన్ని తీసి కొన్ని గింజలు పళ్ళెంలోకి రాల్చేడు. తెల్లగా అయితే లేవు. కొంచెం మసిబారి ఉన్నాయి. పండుటాకు మీద దుమ్ము ఉన్నట్టు, అంతే. వేలితో రాస్తే కింద తెలుపు కనపడింది.

జగ్గునాయుడు గారు ఒక గింజ తీసుకుని అరచేతిలో దొర్లించేరు. బెల్లం పాకం చూసే మనిషి ఆయన. ముదురుపాకం, లేతపాకం చేత్తోనే చెప్తారు. చాలాసేపు దొర్లించి, మళ్ళీ పళ్ళెంలో వేసేరు.

"దిమ్మలకి వేరే చోటు చూసుకుందాం," అన్నారు సభ్యులతో. ఎవరూ ఎదురు చెప్పలేదు. కళ్ళతో కొలుచుకున్న ఆయన మాత్రం, "మా మావయ్య గారి సావిడి ఖాళీగానే ఉంది," అన్నాడు.

బయట మోటారు సైకిళ్ళు స్టార్టవుతున్నాయి. జగ్గునాయుడు గారు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగేరు.

"ఒక్క సంగతి చెప్పోయ్ సన్నిబాబూ. నన్ను అడుగుతారు రేపు. ఎంత గట్టివి ఈ గింజలు?"

సన్నిబాబు చెప్పబోయేడు. ఎలా చెప్పాలో తెలీలేదు. సోడా ఎంత పోసేడో చెప్పొచ్చు. కానీ ఆయన అడిగింది అది కాదు. సాయిబు గారి వైపు చూసేడు.

సాయిబు గారు వంగి చెప్పులు తొడుక్కుంటున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"వచ్చినవాడు కూచోవాలి. కూచున్నవాడు లేవాలి. అంతే గట్టి."